మేకల్ని తరమకండి సార్, పిలిచి మేపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అమరావతి రాజధాని ప్లాట్లలో మళ్ళీ పిచ్చి చెట్లు మొలిచాయని మొన్న మీరు ఫోటోతో సహా వేశారు కదా, ఆ బాధ మాదే. మాది తుళ్ళూరు మండలం. రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్ లో (భూమి తీసుకుని బదులు ప్లాట్లు ఇచ్చే పద్ధతి) ఎకరం మెట్ట ఇచ్చాం, బదులుగా వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్ వచ్చింది. వచ్చిందన్నమాటే గానీ ఐదారేళ్ళు ఆ ప్లాటులో కాలు పెట్టడానికి లేదు, సరిహద్దు రాయి ఎక్కడుందో కూడా తెలీదు. 2024 ఆగస్టులో జంగిల్ క్లియరెన్స్ అని పొక్లెయిన్లు పెట్టి కంప పీకించారు, బాగానే పీకారు, కాదనను. కానీ రెండు వానలు పడేసరికి తీగలు, వయ్యారిభామ, మోడుల్లోంచి తుమ్మ చిగుళ్ళు మళ్ళీ నడుముల దాకా లేచాయి. ఏటేటా మిషన్ పెట్టించడం మా వల్ల అయ్యే పనేనా?

మా బావమరిది గడ్డి మందు కొట్టించెయ్ అన్నాడు. పక్కనే బోరు, పిల్లలు తిరిగే చోటు, పైగా గ్లైఫోసేట్ అనే ఆ గడ్డి మందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ కొట్టకూడదని 2022 అక్టోబర్లో కేంద్రమే ఆర్డర్ ఇచ్చింది, అయినా షాపులో అడిగితే ఇచ్చేస్తారనుకోండి, అది వేరే కథ. నాకెందుకో మనసొప్పలేదు. ఆ సాయంత్రం రోడ్డు మీద నలభై మేకలతో పోతున్న ఓ ముసలాయన్ని ఆపి బాబాయ్ మా ప్లాటులో మేపుతావా, ఊరికే వద్దు డబ్బులిస్తా అన్నా. ఆయన నవ్వాడు. "రోజూ కర్ర పట్టుకుని తరిమేవోళ్ళే గానీ పిలిచినోణ్ణి నిన్నే చూశా అబ్బాయ్" అన్నాడు.

అయితే ఒప్పుకునే ముందు ఆయన పెట్టిన షరతులు చూడాలి. ముందు ప్లాస్టిక్ కవర్లు, పగిలిన బీరు సీసాలు ఏరించమన్నాడు, కవర్ మింగితే మేక పొట్టలో ఉండలు కట్టి చస్తుందంట, దానికి నాకు ఓ పూట పట్టింది, రెండు గోతాలు నిండాయి. పొద్దున్నే రాడంట, మంచు తడి ఆరాకే. తొలకరికి మొలిచిన లేత గడ్డి మీదకి అసలు తోలడంట, చిటుకు రోగం (లేత గడ్డి ఎక్కువ తింటే ఉన్నట్టుండి చంపే రోగం) టీకా వేయించాకే అన్నాడు. గోడ పక్క గన్నేరు ఉంటే అది చూపించి ఇది మేకలకి విషం, ముందు దీన్ని కొట్టెయ్ అన్నాడు. ఇంత తెలిసిన మనిషిని ఊళ్ళో ఎవరూ ఏదీ అడగరు.

ఇక మేత చూడాలి సార్. గొర్రెలైతే తల వంచుకుని గడ్డే కొరుకుతాయి, మేక ముందు తల పైకెత్తుతుంది, వెనక కాళ్ళ మీద లేచి ముందు కాళ్ళు కొమ్మకి ఆనించి ముళ్ళ మధ్యలోంచి ఒక్కో ఆకూ పెదాలతో దూసుకుంటుంది, తిప్పతీగని అయితే సేమ్యా లాగినట్టు లాగేసింది ఒకటి. మధ్యాహ్నం నీడకి పడుకుని నెమరు, మళ్ళీ మూడింటికి లేవడం. ఐదు రోజులకి మా ప్లాటు, పక్క రెండు ప్లాట్లు మోకాలి కిందకి వచ్చాయి, సరిహద్దు రాయి కనపడింది, ఎరువు ఫ్రీ.

అన్నీ మేకలే చేస్తాయని చెప్పను. వయ్యారిభామకి మూతి కూడా పెట్టలేదు, అది నేనే పీకించా, పూత రాకముందే పీకాలి. వేళ్ళు అలాగే ఉంటాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ మేపాలి. సర్కారు తుమ్మ సంగతి ఇంకా తిరకాసు, దాని కాయలంటే మేకలకి ప్రాణం, గింజలేమో అరగకుండా పెంటికల్లో పడి మళ్ళీ మొలుస్తాయి, అంటే కాయలు పండే రోజుల్లో తోలితే మనమే విత్తనం వేయించుకున్నట్టు. (ఈ చెట్టుని 1877లో మన కడప జిల్లా కమలాపురంలోనే తెచ్చి నాటారంట, ఎవరి మీద కోప్పడాలో!) ముదురు తుమ్మని పొక్లెయినే పీకాలి, తర్వాత వచ్చే చిగురు మేకలకి వదలాలి, నేననేది ఇదే.

అమెరికాలో గూగుల్ వాళ్ళు 2009లోనే ఆఫీసు స్థలంలో గడ్డికి ఓ 200 మేకల్ని అద్దెకి తెప్పించుకున్నారు, చికాగో ఓహేర్ ఎయిర్ పోర్ట్ వాళ్ళు 2013లో. మనకేం కొత్త కాదు, చేలో గొర్రెల మంద కట్టించుకుని కాపరికి డబ్బులో గింజలో ఇచ్చిన ఊళ్ళే కదా మనవి. కాపలా లేకుండా వదిలితే గొడవే, 2019లో తెలంగాణ హుజూరాబాద్ లో హరితహారం (మొక్కలు నాటే పథకం) మొక్కలు తిన్నాయని రెండు మేకల్ని స్టేషన్ కే తీసుకెళ్ళారు. అందుకే కాపరి ఉండాలి, ఆయనకి కూలి ఇవ్వాలి.

కార్తీకం దాటాక బాబాయ్ మళ్ళీ వస్తానన్నాడు, ఈసారి ఇంకో నలుగురు ప్లాటు వాళ్ళు కలిశారు, హైదరాబాద్ లో ఉండే ఒకాయన ఫోన్ పే కొడతానన్నాడు. రోడ్డు మీద కాపలా వాళ్ళు మందని వెనక్కి తోలకుండా అధికారులు ఆయన చేతికి ఓ కాగితం ముక్క ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక ప్లాటు రైతు, తుళ్ళూరు మండలం