బాబు ఎడమ కన్ను గురించి

కాకినాడ,
ఆదివారం.

ప్రియమైన రమణకు,

నువ్వు పంపిన పుట్టినరోజు ఫోటోలు చూశాను. కొత్త చొక్కా వేసుకుని కేకు ముందు బుద్ధిగా కూర్చున్న చిన్నవాణ్ణి చూస్తే ముచ్చటేసింది. వాడికి అప్పుడే మూడేళ్లు నిండాయంటే నమ్మబుద్ధి కావడం లేదు. అయితే ఆ ఫోటోల్లో చాలావాటిలో వాడి ఎడమ నల్లగుడ్డు ముక్కు వైపు జరిగి ఉంది. నిన్న ఫోనులో నేను ఆ మాట ఎత్తితే, "అలిసిపోయినప్పుడు కొంచెం మెల్ల పెడతాడు, మెల్లకన్ను అదృష్టమని, పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని అమ్మ అంటోంది" అని తేలిగ్గా చెప్పావు. అప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. తొమ్మిదేళ్ల కిందట మా ఇంట్లో అందరమూ అనుకున్న మాటలు సరిగ్గా ఇవే. ఫోనులో చెబితే సగం నీ చెవిన పడదు, సగం నేనే మరిచిపోతాను కాబట్టి ఇలా తీరిగ్గా రాస్తున్నాను. దయచేసి చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు.

మా పాపకు రెండున్నరేళ్ల వయసులో, కంచంలోని అన్నం వంక చూస్తున్నప్పుడు కుడి కన్ను లోపలికి తిరగడం మొదట గమనించింది మా ఆవిడ, అదే మీ చెల్లెలు. మా అమ్మ అదృష్టమంది. చుట్టాలు ముద్దుగా ఉందన్నారు. ఊళ్లో ఒక డాక్టరు గారికి చూపిస్తే ఐదేళ్లు నిండాక ఆపరేషను చేయించవచ్చు, ఇప్పుడే కంగారు లేదన్నారు. మాకు కావలసిన మాట అదే కాబట్టి వెంటనే నమ్మేసి, ఏడాదిన్నర ఊరుకున్నాము. ఒకరోజు సాయంత్రం మా అమ్మ దాగుడుమూతలు ఆడిస్తూ, పాప కుడి కంటిని అరచేత్తో మూసింది. అది కదలకుండా నవ్వుతూ నిలబడింది. తరువాత ఎడమ కంటిని మూసేసరికి ఒక్కసారిగా పెనుగులాడి, ఆ చేతిని తోసేసి, ఏడుపు అందుకుంది. అమ్మ మళ్లీ మళ్లీ మూసి చూసింది. ప్రతిసారీ అంతే. కుడి కంటితో ఆ పిల్లకు దాదాపు ఏమీ కనబడటం లేదని, ఆ సంగతి దానికే తెలియదని, అరుగు మీద కూర్చున్న మా అందరికీ ఒకేసారి అర్థమైంది. ఒక కన్ను బాగా పనిచేస్తున్నంత కాలం పిల్లలు పరుగెత్తుతారు, బొమ్మలు గీస్తారు, టీవీ చూస్తారు. నొప్పి ఉండదు కాబట్టి ఫిర్యాదూ ఉండదు.

ఆ వారమే హైదరాబాదు తీసుకెళ్లి పిల్లల కంటి వైద్యురాలికి చూపించాము. మూడు రోజులు కళ్లలో అట్రోపిన్ ఆయింట్‌మెంటు పెట్టించి, కంటిలోని కండరం పూర్తిగా సడలిన తరువాతే పవరు కొలిచారు. ఆ మూడు రోజులూ పాప ఎండలోకి రాలేక కొంగు చాటున దాక్కునేది. తేలినది ఏమిటంటే, కుడి కంటికి ప్లస్ ఆరు, ఎడమ కంటికి ప్లస్ నాలుగున్నర. మెల్లకు మూలం ఆ పవరే. దగ్గరి వస్తువును చూడాలంటే మన కళ్లు రెండు పనులు కలిపి చేస్తాయి: లోపలి కటకాన్ని ఉబ్బించుకుంటాయి, రెండూ కాస్త ముక్కు వైపు తిరుగుతాయి. ప్లస్ పవరు ఎక్కువగా ఉన్న పిల్లలు స్పష్టంగా చూడటానికి ఆ కటకాన్ని అవసరానికి మించి శ్రమపెట్టవలసి వస్తుంది. ఆ శ్రమతోపాటు కన్ను కూడా అవసరానికి మించి లోపలికి లాగుకుపోతుంది. ఈ రకం మెల్ల తరచుగా రెండు, మూడేళ్ల వయసులోనే బయటపడుతుంది. మీ వాడి వయసు చూసి నేను కంగారుపడటానికి కారణం అదే.

ఇక అసలు నష్టం కంటిలో జరగదు, మెదడులో జరుగుతుంది. రెండు కళ్లూ రెండు దిక్కులు చూస్తే మెదడుకు రెండు వేర్వేరు బొమ్మలు అందుతాయి. పసివాళ్ల మెదడు ఆ తికమకను భరించకుండా ఒక కంటి బొమ్మను పక్కన పెట్టేయడం నేర్చుకుంటుంది. అలా పక్కన పెట్టగా పెట్టగా ఆ కంటికి చూపు అబ్బదు. హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960లలో పిల్లికూనల ఒక కంటి రెప్పను కొంతకాలం కుట్టేసి తరువాత విప్పి చూస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడులోని కణాలు ఆ కంటికి స్పందించడం దాదాపుగా మానేశాయి. ఎదిగిన పిల్లికి అదే పని చేస్తే అటువంటి నష్టం జరగలేదు. చూపు గురించి చేసిన పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. మూగజీవాల మీద చేసిన ఆ ప్రయోగం తలుచుకుంటే బాధగానే ఉంటుంది గానీ, చూపు నేర్చుకోవడానికి ఒక వయసు ఉంటుందన్న సంగతి అంత స్పష్టంగా తెలిసింది దానివల్లనే. మా బాబాయిని నువ్వు చూశావు కదా. ఆయనకు ముప్పై ఏళ్లు దాటాక మెల్ల ఆపరేషను చేయించారు. కన్ను తిన్నగా వచ్చింది, చూపు మాత్రం రాలేదు.

మా పాపకు ఆపరేషను అవసరం రాలేదు. కళ్లజోడు పెట్టిన కొన్ని వారాలకు కళ్లు తిన్నగా నిలబడ్డాయి. జోడు తీస్తే మాత్రం కన్ను మళ్లీ తిరిగేది. అది చూసి మా అత్తగారు "ఈ అద్దాల వల్ల గుణం లేదు, తీసేయండి" అన్నారు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడి వైద్యం ఆపేస్తారు. జోడు పెట్టుకున్నప్పుడు కన్ను తిన్నగా ఉంటే అది పనిచేస్తున్నట్లే లెక్క.

కష్టమైనది ప్యాచ్. బాగా కనబడే కంటిని రోజుకు రెండు గంటలు ప్లాస్టరుతో మూసి, బద్ధకించిన కంటి చేత పని చేయించాలి. మొదటి రోజు అన్నం ముందు కూర్చుని "అమ్మా, మెతుకులు లేవు" అని ఏడ్చింది. కంచం తెల్లది, అన్నం తెల్లది. ఆ కంటికి రెండూ కలిసిపోయాయి. ఆ మాట నేను ఎప్పటికీ మరిచిపోలేను. మీ చెల్లెలు ఆ రెండు గంటలూ పక్కనే కూర్చుని పెసలూ శనగలూ కలిపి ఏరించేది, పూసలు గుచ్చించేది. నాలుగు నెలల తరువాత ఒక మధ్యాహ్నం ప్యాచ్ ఉండగానే గోడ దగ్గరకు వెళ్లి, చీమల బారును వేలితో చూపిస్తూ "నాన్నా, ఇవి ఎక్కడికి పోతున్నాయి?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను, గొంతు పూడుకుపోయింది.

ఇప్పుడు కుడి కంటితో చార్టులో కింది నుంచి రెండో వరుస చదువుతుంది. రెండు కళ్లూ కలిసి లోతును పట్టుకునే చూపు మాత్రం పూర్తిగా రాలేదు. షటిల్ ఆడేటప్పుడు కాక్ ఎంత దూరంలో ఉందో అందక తడబడుతుంది. ఆ ఏడాదిన్నర మేము వృథా చేయకుండా ఉంటే అది కూడా దక్కేదేమోనన్న బాధ నాకు పోదు.

అన్ని మెల్లలూ ఇలాంటివే కావు. పుట్టిన మొదటి మూడు, నాలుగు నెలల్లో కళ్లు అప్పుడప్పుడూ అటూ ఇటూ పోవడం మామూలే. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పిల్లలకు ఏ లోపమూ లేకపోయినా మెల్ల ఉన్నట్లు కనిపిస్తుంది. మీ వాడిది అదే అయితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కొన్నింటికి కండరాల ఆపరేషనే మార్గం. చాలా అరుదుగా, కంటి లోపలి కణితి వల్ల కూడా మెల్ల రావచ్చు. అటువంటప్పుడు ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో కంటిపాప తెల్లగా మెరుస్తుంది. మీ ఫోటోల్లో అలాంటి మెరుపు నాకు కనబడలేదు గానీ, ఫోటోను చూసి ధైర్యం చెప్పుకోవడం సరికాదు. ఏ రకమో తేల్చవలసింది డాక్టరే.

బడిలో చేరాక అక్కడే పరీక్ష చేస్తారని అన్నావు. చేస్తారు, మంచిదే. ఆంధ్రలో 2019లో మొదలైన కంటి వెలుగు అనే ప్రభుత్వ పథకం మొదటి విడతలో బడిపిల్లలకే పరీక్షలు చేశారు. కానీ బడి మొదలయ్యేది ఐదారేళ్లకు, మీ వాడి కన్ను తిరగడం మొదలైంది ఇప్పుడు. చేతిలో ఉన్న మంచి కాలాన్ని ఎదురుచూస్తూ కరిగించకు. మీ పనిమనిషి పిల్లల సంగతి కూడా అడిగావు కాబట్టి చెబుతున్నాను: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు వైద్య బృందాలు ఉచితంగా చూస్తాయి, ఈసారి వచ్చినప్పుడు కళ్లు కూడా చూడమని ఆమెను నోరు విడిచి అడగమను.

ఖమ్మం నుంచి హైదరాబాదు నీకు దూరం కాదు. మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో 1987 నుంచి పనిచేస్తున్న ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ఉంది. పిల్లల కళ్లకు ప్రత్యేకమైన విభాగాన్ని అడుగు. నెలల పిల్లాడప్పటి నుంచి తీసిన ఫోటోలు నాలుగు వెంట తీసుకెళ్లు, మెల్ల ఎప్పుడు మొదలైందో వాటిని బట్టి తెలుస్తుంది. మీ వంశంలో ఎవరికైనా మెల్ల గానీ చిన్నప్పటి నుంచి సోడాబుడ్డి కళ్లద్దాలు గానీ ఉన్నాయేమో అమ్మను అడిగి గుర్తుపెట్టుకో, డాక్టరు తప్పక అడుగుతారు. అమ్మ మనసు మాత్రం నొప్పించకు. మా అమ్మ కూడా ప్రేమతోనే అలా అన్నది, చివరికి కనిపెట్టిందీ ఆమే.

వచ్చే శనివారం నాకు సెలవు. నువ్వు రోజు ఖాయం చేసుకుంటే నేను రాత్రి రైలెక్కి తెల్లారేసరికి హైదరాబాదులో దిగుతాను, ముగ్గురం కలిసి వెళదాము. బుధవారంలోగా ఫోను చెయ్యి, టికెట్టు తీసుకోవాలి.

నీ
సత్యం