రెండో వైపు పాట

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, విడిపోయిన ప్రేమికుల పాటల మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో అమెరికా గాయని గ్లోరియా గేనర్ పాడిన 'ఐ విల్ సర్వైవ్' గురించి నాలుగు వాక్యాలున్నాయి. ప్రియుడు వదిలేస్తే ఆ గాయని తన బాధను తానే పాటగా రాసుకుందని అన్నారు. అది నిజం కాదు. ఆ తప్పు దిద్దడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న మరో మాట కూడా మీకు చెప్పాలనిపించింది.

1986 నుంచి 2004 వరకు హనుమకొండ చౌరస్తా దగ్గర మాకు క్యాసెట్లు రికార్డు చేసే దుకాణం ఉండేది. మొదట నా భర్త, నేను కలిసి నడిపాం. 1991 వేసవిలో ఆయన ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. వేరే ఊళ్లో మరో సంసారం పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. దుకాణం అమ్మేసి పుట్టింటికి వచ్చేయమని అన్నయ్య బతిమాలాడు. నేను వెళ్లలేదు. డెక్కు హెడ్డును స్పిరిట్ దూదితో తుడవడం, తెగిన టేపు అతికించడం, అరవై నిమిషాల క్యాసెట్‌లో ఏ పాట తర్వాత ఏది పడితే చివర్లో సగం పాట తెగిపోకుండా ఉంటుందో లెక్క వేయడం అప్పటికే నాకు వచ్చు. మూడు నెలల తర్వాత ఒక రాత్రి ఆయన తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చి, ఏమీ జరగనట్టే కూర్చున్నాడు. అన్నం పెట్టాను. మర్నాడు ఆయన బయటికి వెళ్లగానే బజారుకు వెళ్లి కొత్త తాళం కొనుక్కొచ్చాను.

ఆ చలికాలంలోనే ఆర్.ఈ.సి. ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి ఒకడు అరిగిపోయిన ఇంగ్లీషు క్యాసెట్ తెచ్చి కాపీ తీసిపెట్టమన్నాడు. మా డెక్కులో కాపీ తీయాలంటే పాట ఎంతసేపు నడిస్తే అంతసేపూ కూర్చుని వినవలసిందే. పియానో ఒక్కసారి పైనుంచి కిందికి జలజలా రాలింది. తర్వాత దాదాపు ఒంటరిగా ఒక ఆడగొంతు, తొందర లేకుండా. కాసేపటికి డ్రమ్ము అందుకుంది. నాకు ఇంగ్లీషు అంతగా రాదు. పాట మొత్తంలో తెలిసిన మాటలు రెండే చెవిన పడ్డాయి: లాక్, డోర్. చేతిలో పని ఆగిపోయింది. క్యాసెట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు, దీని అర్థం రాసిపెట్టు బాబూ అని అడిగాను. అక్కడే నిలబడి, క్యాసెట్ పెట్టెలోని అట్ట కాగితం వెనుక తెలుగులో రాసిచ్చాడు. వదిలేసి వెళ్లినవాడు మళ్లీ వచ్చి ఇంట్లో కూర్చుంటాడు. ఆ తాళం ముందే మార్చవలసిందని ఆమె అనుకుంటుంది. వచ్చిన దారినే వెళ్లమంటుంది. నేను మార్చాను కదా అనుకున్నాను. ఆ రోజు దుకాణం షట్టరు సగానికి దించుకుని చాలాసేపు ఏడ్చాను. ఆయన వెళ్లిపోయినప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు.

అప్పటినుంచి ఆ పాట గురించి ఎక్కడ ఏది దొరికినా, నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతూ వచ్చాను. రాసినవాళ్లు ఇద్దరూ మగవాళ్లు, డినో ఫెకారిస్, ఫ్రెడ్డీ పెరెన్. ఫెకారిస్ మోటౌన్ అనే రికార్డుల సంస్థలో దాదాపు ఏడేళ్లు పాటలు రాశాక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఏం చేయాలో తోచని ఆ రోజుల్లో టీవీ పెడితే తాను రాసిన పాటే వినిపించిందట. లేచి, నేను బతికి తీరతాను అని అరిచాడట. పల్లవి మాట అలా పుట్టింది. ప్రియుడి మాట ఆ తర్వాత వచ్చి చేరింది. ఇక గేనర్ 1978లో వేదిక మీద పడిపోయి వెన్నెముకకు శస్త్రచికిత్స చేయించుకుంది. నడుముకు పట్టీ బిగించుకునే స్టూడియోలో నిలబడి ఈ పాట పాడింది. పాడేటప్పుడు తన మనసులో ఆ గాయం, చనిపోయిన తల్లి ఉన్నారని తర్వాత చెప్పింది. ఉద్యోగం పోయినవాడు రాశాడు, నడుము విరిగిన మనిషి పాడింది. మగడు వదిలేసిన ఆడది హనుమకొండలో విని తన పాటే అనుకుంది.

ఇందులో నా వృత్తికి దగ్గరైన సంగతి ఒకటుంది. రికార్డు విడుదల చేసిన పాలిడోర్ సంస్థ ఈ పాటను నమ్మలేదు. 1978 చివర్లో విడుదలైన రికార్డుకు ముందు వైపు 'సబ్‌స్టిట్యూట్' అనే వేరే పాట ఉంది, ఇది వెనుక వైపు. రెండో వైపు పాటే కదా అని దీనికి పెద్దగా హంగులు చేయలేదు. వెనుక కోరస్ గొంతులు లేవు. ఆనాటి డిస్కో పాటల్లో వేగం పెంచి గాయని గొంతును సన్నగా వినిపించడం మామూలే, దీనికి అదీ చేయలేదు. అందుకే ఆమె గొంతు ఉన్నది ఉన్నట్టుగా మిగిలింది. న్యూయార్క్‌లోని స్టూడియో 54 అనే డ్యాన్సు క్లబ్బులో రికార్డులు వేసే రిచీ కాజర్ లాంటివాళ్లు దాన్ని తిప్పి రెండో వైపు వేశారు. జనం ఆ వైపే కావాలన్నారు. 1979 మార్చిలో అది అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దుకాణంలో పద్దెనిమిదేళ్లు కూర్చున్నదాన్ని, నాకిది వింతగా అనిపించలేదు. కంపెనీలు అట్ట మీద పెద్ద అక్షరాలతో వేసిన పాట ఒకటి, జనం చీటీ మీద రాసుకొచ్చే పాట మరొకటి.

అదే ఏడాది జూలై 12న చికాగోలోని బేస్‌బాల్ మైదానంలో, డిస్కో అంటే గిట్టనివాళ్లు ఆ రికార్డులను గుట్టగా పోసి పేల్చేశారు. 1980లో డిస్కో పాటకని గ్రామీ బహుమతి పెట్టి దీనికి ఇచ్చారు, మరుసటి ఏడాదికి ఆ విభాగమే తీసేశారు. డిస్కో పోయింది, పాట ఉంది. ఎయిడ్స్‌తో స్నేహితులను పోగొట్టుకుంటున్న రోజుల్లో అమెరికాలోని స్వలింగ ప్రేమికులు దీన్ని తమ పాటగా పాడుకున్నారు. 1998లో ప్రపంచ కప్పు గెలిచిన ఫ్రాన్స్ ఫుట్‌బాల్ జట్టుకు దీని మరో రూపమే విజయగీతమైంది. 2016లో అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచవలసిన రికార్డుల్లో దీన్ని చేర్చింది. పాట మారుమోగుతున్న ఏడాదే పెళ్లి చేసుకున్న గేనర్ 2005లో విడాకులు తీసుకుంది. 2020లో, మొదటి గ్రామీ తర్వాత నలభై ఏళ్లకు, భక్తిగీతాల ఆల్బమ్‌కు రెండో గ్రామీ అందుకుంది.

ఇక నా రెండో మాట. ఇప్పుడు వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు పిల్లలు తమ సొంత డబ్బుతో జానపద పాటలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. మన మాట, మన డప్పు వాళ్ల వల్ల ప్రపంచమంతా వినిపిస్తున్నాయి. కానీ 'లవ్ ఫెయిల్యూర్' పేరుతో వచ్చేవాటిలో నేను విన్నవి చాలావరకు ఒకే తీరుగా ఉన్నాయి. పిల్లవాడు తాగుతుంటాడు, అమ్మాయి పెళ్లి పందిట్లో ఉంటుంది, అతను ఆమెను మోసగత్తె అంటాడు. ఆమె నోరు విప్పదు. 2008 డిసెంబరులో మా వరంగల్‌లోనే ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వాళ్లలో ఒకరు బతకలేదు. పాటలు యాసిడ్ పోయిస్తాయని నేను అనడం లేదు. ఆ ఘోరం చూసిన ఊళ్లో, కాదన్న అమ్మాయిని తిట్టే పాట వింటూ ఊరికే కూర్చోవడం మాత్రం నా వల్ల కావడం లేదు.

మన దగ్గర ఆడవాళ్లకు పాట లేకనా? పరకాల దగ్గరి పల్లెలో నాట్లు వేస్తూ మా అమ్మ పాడిన పాటల్లో, సవతిని తెచ్చిన మగడిని నిలబెట్టి దులిపే చరణాలుండేవి. ఒకరు అందుకుంటే మడిలో వరుసంతా వంత పాడేది. గట్టు మీద ఉన్న మగవాళ్లు విననట్టు నటించేవారు. ఆ గొంతును మళ్లీ ఎత్తుకోమని మన పాటల రచయితలను అడుగుతున్నాను. తలుపు దగ్గర నిలబడి మాట్లాడే అమ్మాయి పాట ఒక్కటి రాయండి. యాస మనదే ఉండనివ్వండి, దరువు మీ ఇష్టం.

విద్యార్థి రాసిచ్చిన ఆ అట్ట కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. సిరా వెలిసింది గానీ చదవడానికి వస్తుంది. అలాంటి పాట రాయాలనుకునే అమ్మాయి ఎవరైనా మీ కార్యాలయానికి ఉత్తరం రాస్తే నాకు తెలియజేయండి, నకలు తీసి పంపిస్తాను.

ఇట్లు,
క్యాసెట్ల దుకాణం నడిపిన ఒక పాఠకురాలు,
హనుమకొండ