టార్చి పడేది గొంతు మీదేనా?

సంపాదకుడి గారికి నమస్కారం.

మా అమ్మకు 11 ఏళ్లుగా షుగర్. మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్తాం. బీపీ చూస్తారు, అరికాళ్లు చూస్తారు, కళ్లకూ కిడ్నీలకూ పరీక్షలు రాస్తారు. గొంతు నొప్పంటే నాలుక నొక్కిపెట్టి టార్చి వేసి మరీ చూస్తారు. దారిలో ఉన్న పళ్లు మాత్రం ఎవరి కంటా పడలేదు.

నిరుడు సంక్రాంతి చెక్కల్ని అమ్మ టీలో నానబెట్టుకుని తింటుంటే, వయసు కదా అనుకున్నాం. పళ్లు తోముకునేటప్పుడు రక్తం వస్తోందని ఆవిడ చెప్పనే లేదు. ‘పళ్ల గొడవ షుగర్ డాక్టరుకెందుకు’ అనుకుందట. కింది పళ్లు రెండు ఊడాక డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మొదట అడిగింది ‘షుగర్ ఉందా?’ అని. షుగర్ అదుపు తప్పితే చిగుళ్లు పాడవుతాయట, చిగుళ్లలో చీముంటే షుగర్ ఓ పట్టాన దిగదట. అన్నాళ్లూ మేం మాత్రల డోసు పెంచుకుంటూ పోయాం!

బీపీకి వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతాయి. ఎముకలు గుల్లబారితే ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ పడ్డాక పన్ను పీకితే, అరుదుగానైనా, దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. ముందే పళ్లు చూపించుకోమని చెప్పాల్సింది మందు రాసే డాక్టరే.

తప్పంతా డాక్టర్లదే అనను. ఓపీలో రద్దీ తెలిసిందే. ఎంబీబీఎస్‌లో పళ్ల గురించి నేర్పేదీ చాలా తక్కువ. కానీ మా విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునే ఈ అలవాటుతో అంగిలి మీద తెల్లమచ్చలు లేస్తాయి, కొన్ని క్యాన్సర్‌కు దారితీస్తాయి. వాళ్లు దగ్గుకో జ్వరానికో ఆస్పత్రికి వచ్చినప్పుడు ఓసారి తల పైకెత్తించి చూస్తే ముందే దొరుకుతాయి. 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమం ఉంది. ఏఎన్ఎంలు చూడాల్సిన నోటిని ఎండీ డాక్టరు చూడకపోతే ఎలా?

షుగర్ కేసు షీటులో కాళ్లు, కళ్లు, కిడ్నీల పక్కన చిగుళ్లకూ ఒక గడి పెట్టించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. కొత్త పరికరమేదీ కొనక్కర్లేదు, టార్చి ఎలాగూ చేతిలోనే ఉంటుంది.

– ఒక పాఠకురాలు, విజయనగరం