అది వానపాము, నులిపురుగు కాదండీ

సంపాదకులకు నమస్కారం.

మీ వ్యవసాయ పేజీలో నులిపురుగులు వాసన ఎలా పట్టేదీ రాశారు. సంతోషం. కానీ పక్కన వేసిన ఫొటో వానపాముది. పత్రిక వచ్చిన పొద్దున్నే, పదేళ్ల కింద నా దగ్గర ఇంటర్ చదివిన కుర్రాడు ఒక చేతిలో మీ పేపరు, ఇంకో చేతిలో పీకిన టమోటా మొక్క పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వేర్లన్నీ అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయున్నాయి. ‘‘వానపాములు మంచివని మీరే చెప్పారు కదా మేడమ్, ఇప్పుడు గుళికలు చల్లేయమంటారా?’’ అన్నాడు. నాకు గుండె గుభేలుమంది. ఆ పురుగుమందు, అదే కార్బోఫ్యూరాన్ గుళికలు పడితే ముందు చచ్చేది ఆ వానపాములే.

ఒక బుడిపెను బ్లేడుతో చీల్చి భూతద్దం కింద పెట్టాను. ఆవగింజలో సగం కూడా లేదు, ముత్యంలా తెల్లగా, ఉబ్బిన ఆడ నులిపురుగు. ‘‘నీ శత్రువు ఇదిరా’’ అని చూపించాక గానీ వాడికి నమ్మకం కుదరలేదు. (పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర వేసేది కూడా నులిపురుగులకే, అవీ ఈ వంశానివే. వానపాముది పూర్తిగా వేరే వంశం.)

ఇక రెండో తప్పు. ‘ఎంజైములు వాసనను పసిగడతాయి’ అని రాశారు. వాసనను పట్టేది గ్రాహకం, అంటే నాడీకణం మీద వాసన అణువు వచ్చి అతుక్కునే ప్రోటీను. ఎంజైము పాత్ర ఆ కబురును కణం లోపలికి చేరవేయడంలోనే. ఇదంతా బాగా తెలిసింది సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు నులిపురుగులో. పంటకు ఏ హానీ చేయదు, బ్యాక్టీరియా తిని బతుకుతుంది. దాని ఒంట్లో ఉన్న నాడీకణాలు మొత్తం 302. మజ్జిగ చిలికేటప్పుడు వచ్చే వెన్న వాసనలో ఉండే డయాసిటైల్ అంటే దానికి ప్రాణం. ఆ వాసనను పట్టే గ్రాహకాన్ని 1996లో కార్నీలియా బార్గ్‌మన్ ప్రయోగశాలలో పియాలీ సేన్‌గుప్తా తదితరులు గుర్తించారు.

బాదం ఎసెన్స్ వాసన పట్టే నాడీకణం ఇంకొకటి ఉంది. అందులో గ్వానిలైల్ సైక్లేజ్ అనే ఎంజైము సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువును తయారుచేస్తూ ఉంటుంది. ఆ అణువు ఉన్నంతసేపు కణం పొరలోని ద్వారాలు తెరుచుకుని ఉంటాయి. వాసన తగలగానే అది తగ్గుతుంది, ద్వారాలు మూసుకుంటాయి. పురుగుకు కబురు అందేది అలాగే.

నాకు అన్నిటికంటే నచ్చేది దీని తర్వాతి సంగతి. మా ఇల్లు మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గరే. కుళ్లిన కాయల కంపు మాకు తెలియనే తెలియదు, చుట్టాలొస్తే మాత్రం గుమ్మంలోనే ముక్కు మూసుకుంటారు. పురుగూ అంతే. తిండి దొరకని చోట అదే వాసనలో అరగంట ఉంచితే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, కాస్త తెరిపినిస్తే మళ్లీ మామూలే. గంట దాటి ఉంచారా, కొన్ని గంటలపాటు ఆ వాసన వైపే పోదు. ఈ తేడాకు కారణం ఈజీఎల్-4 అనే కైనేజ్ ఎంజైము. ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించడం దాని పని. ఎక్కువసేపు వాసన తగిలితే అది కణంలో ఉన్నచోటు వదిలి కేంద్రకంలోకి దూరిపోతుంది. దాన్ని ముందే కేంద్రకంలో పెట్టేస్తే, వాసన ఎప్పుడూ తగలని పురుగు కూడా అలవాటు పడ్డ దానిలాగే నడుచుకుంటుంది! ఆ ఎంజైము చెడిపోయిన పురుగులు ఎంతసేపు ఉంచినా అలవాటు పడవు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, ఇది మొదట చదివిన రోజు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

రైతుకు దీంతో పనేమిటంటారా? వేరుముడి పురుగు (ఆ టమోటా వేర్లను ఉబ్బించిన నులిపురుగు) పిల్లలు కూడా తల పక్కనున్న ఇలాంటి గ్రాహక అవయవాలతోనే వేరును వెతుక్కుంటాయి. ఇందాక చెప్పిన గుళికలు దెబ్బకొట్టేదీ ఒక ఎంజైమునే, నాడుల పనికి అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఇలాంటి మందులు చంపేంత మోతాదులో లేకపోయినా పురుగుకు దారి తప్పిస్తాయి. మీ వ్యాసంలో ఈ ముక్క ఒక్కటి ఉన్నా ఎంత బాగుండేది.

సవరణ వేసేటప్పుడు లోపలెక్కడో మూలన కాకుండా ఆ వ్యవసాయ పేజీలోనే, అంతే సైజు ఫొటోతో వేయండి. ఫొటో లేదంటే చెప్పండి. ఆ టమోటా వేరు మా ఇంట్లో ఫార్మలిన్ సీసాలో భద్రంగా ఉంది.

— ఓ రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, మదనపల్లె