శనివారం బీచ్ సల్సా: కొత్తగా చేరినవాళ్ళకి

హాయ్ అందరికీ! సల్సా డాన్స్‌లో తాళం లెక్క ఎనిమిది దాకా ఉన్నా అడుగులు ఆరే: 1, 2, 3... 5, 6, 7. నాలుగు, ఎనిమిది దగ్గర ఆగాలి. ఇక్కడికి చదువుకోడానికొచ్చిన మొదటి నెలంతా నేను నాలుక్కి కూడా అడుగేసి పక్కవాళ్ళ కాళ్ళు తొక్కాను, పాపం. మనం చేసే ఇంకో డాన్స్, బచాటా, తేలిక. పక్కకి మూడడుగులు, నాలుగోదానికి పాదంతో నేలమీద చిన్న ట్యాప్. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన ఈ డాన్స్‌ని యునెస్కో 2019లో వారసత్వ జాబితాలో చేర్చింది.

పొడి ఇసుకలో మాత్రం గిర్రున తిరగొద్దు, పాదం కూరుకుపోయి మోకాలు మెలిపడుతుంది. అల వెనక్కెళ్ళాక గట్టిపడ్డ తడి ఇసుక మీదే చేద్దాం. జోడీ లేకపోయినా పర్లేదు, పాటపాటకీ మారుతూనే ఉంటాం.

స్పీకర్ చార్జింగ్ ఈసారి ఎవరైనా చూస్కోండి. పోయినవారం సగంలో ఆగిపోతే అలల చప్పుడుకే లెక్కపెట్టుకున్నాం!