పొలం దారుల్లో కుక్కలతో నడిచేవాళ్లకి

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లండ్‌లో గొర్రెలు ఈనే రోజులివి. ఫుట్‌పాత్‌ల (ఇక్కడ పొలాల మీదుగా జనం నడిచే దారుల) పక్కన "కుక్కల్ని కాల్చేస్తాం" అన్న బోర్డులు ఉత్త బెదిరింపేనా అని కొందరు అడిగారు. కాదండీ. కుక్క గొర్రెల వెంటపడి, ఆపడానికి వేరే మార్గం లేక రైతు కాల్చేస్తే, మీరు పరిహారానికి దావా వేసినా 1971 జంతువుల చట్టం అతని వైపే ఉంటుంది. అతను 48 గంటల్లో పోలీసులకు చెప్పాలి, అంతే. బుద్ధిగా దారిన పోయే కుక్క జోలికి మాత్రం రాకూడదు.

దారిన పోయేవాళ్లకి ఇబ్బంది కలిగేలా 50 అడుగుల లోపు తుపాకీ పేల్చకూడదన్న నిబంధన వాహనాల రోడ్లకే, ఫుట్‌పాత్‌లకి కాదు. కాబట్టి చప్పుడు వినగానే గొడవకి దిగకండి, పట్టీ బిగించండి. ఆవులు తరిమితే మాత్రం పట్టీ వదిలేయండి, కుక్క తప్పించుకుంటుంది.

పబ్లిక్ ఫుట్‌పాత్ మీద "దారి లేదు" అని అబద్ధపు బోర్డు కనిపిస్తే ఫోటో తీసి కౌన్సిల్‌కి పంపండి. అది నేరం.