స్పీకర్ కాస్త తగ్గిస్తే మావాడూ పూజకు వస్తాడు

సంపాదకులకు నమస్కారం. మా అబ్బాయికి పదకొండేళ్లు. ఆటిజం ఉంది, మాటలు రావు. ఆదివారం మా కతోలిక చర్చిలో పూజకు తీసుకెళితే, కీబోర్డు, డ్రమ్ములు, నాలుగు మూలలా పెట్టిన స్పీకర్లు ఒక్కసారిగా మోగగానే రెండు చెవులూ మూసుకుని బెంచీ కింద దూరిపోతాడు. పాట ఆగాక బయటికొచ్చి వాళ్లమ్మ కొంగు పట్టుకుని ఊగుతూ కూర్చుంటాడు, అంతే, ఎవరి జోలికీ పోడు. అయినా వెనక నుంచి ఒక పెద్దావిడ "పిల్లాణ్ని కాస్త భయంలో పెట్టాలమ్మా" అంటుంది. ఇంకొకాయన "బయట చెట్టు కింద కూర్చోబెట్టండి, అక్కడికీ వినపడుతుంది" అంటాడు. వినపడటమే కదండీ వాడి బాధ!

ఈడు పిల్లలతో పాటు ప్రథమ దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా పూజలో పంచే అప్పం మొదటిసారి, ఇవ్వమని అడిగితే, జపాలు అప్పజెప్పలేడు కదా, తర్వాత చూద్దాంలే అన్నారు. మాటలే రానివాడు పరలోక జపం ఎలా అప్పజెపుతాడు? అమెరికా మేత్రాణులు (బిషప్పులు) 1995లోనే దీని మీద మార్గదర్శకాలు ఇచ్చారు. మామూలు తిండికీ క్రీస్తు శరీరానికీ తేడా తెలిస్తే చాలు, అది నోటితోనే చెప్పక్కర్లేదు, సైగలోనో భక్తితో మౌనంగా ఉండటంలోనో కనపడినా సరేనన్నారు. అది వాళ్ల దేశం సంగతి అంటారేమో, శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం అందరిదీ కదా. వైకల్యం ఉన్నవాళ్లకు వాళ్ల స్థితిని బట్టి వీలైనంత జ్ఞానోపదేశం అందేలా చూడాల్సింది విచారణ గురువులేనని, అంటే ఆ చర్చి పరిధి ఫాదర్లేనని, అందులో 777వ సూత్రం చెబుతోంది. ఫాదర్ గారు అప్పాన్ని పైకెత్తినప్పుడు మోగే చిన్న గంటకు మావాడు చెవులు మూసుకోడు, ఊగడం ఆపేసి అటే చూస్తాడు. ఇంతకన్నా ఏం అప్పజెప్పాలి?

2018 నవంబరులో వాటికన్‌లో ఇలాగే మాటలు రాని ఒక పిల్లాడు వేదికెక్కేసి, కాపలా ఉన్న స్విస్ గార్డు చెయ్యి పట్టుకు లాగి, పోప్ ఫ్రాన్సిస్ కుర్చీ పక్కనే ఆడుకున్నాడు. ఆయన విసుక్కోలేదు, ఆడుకోనివ్వమన్నారు. మనం బెంచీ కింద దూరినవాణ్నే ఓర్చుకోలేకపోతున్నాం.

మేం అడిగేదానికి పైసా ఖర్చు లేదు. నెలకొక ఆదివారం ఒక్క పూజ డ్రమ్ములు లేకుండా, మైకు తగ్గించి పెట్టండి. మా విచారణలో మామూలు రోజుల్లో పొద్దున ఆరింటి పూజకు స్పీకర్లు వెయ్యరు. మొన్న బుధవారం దానికి తీసుకెళ్లాం. పూజ అయ్యేదాకా ఒక్కసారి కూడా చెవులు మూసుకోలేదు.

- ఒక తండ్రి, విజయవాడ